వడపోయడమా, జల్లెడ పట్టడమా, ఏరివేయడమా?

ఉద్యోగ నియామకాల నివేదిక ఒకటి ఇంగ్లిషు నుంచి తెలుగులోకి తెస్తూ మీరు ఇలా రాశారు: "వచ్చిన దరఖాస్తులను జల్లెడ పట్టి 40 మందిని ఏరివేశారు." మీతో పనిచేసే ఆవిడ దాన్ని ఇలా దిద్దారు: "దరఖాస్తులను వడపోసి 40 మందికి కుదించారు." రెండింటిలో ఏది సరి, నీళ్లకూ కాఫీకీ వాడే వడపోయు అనే క్రియను మనుషుల విషయంలో వాడవచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా చెబుతాను. ఆవిడ పెట్టిన "వడపోసి" సరైన మాట. మీ "ఏరివేశారు" తప్పు. చిన్న తప్పు కూడా కాదు, అర్థాన్ని తలకిందులు చేసే తప్పు. మీ "జల్లెడ పట్టి" వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, అది చెప్పే కథ వేరు. ఆవిడ "కుదించారు" అర్థమవుతుంది గాని, అది ఇంగ్లిషు వాక్యానికి తెలుగు చొక్కా తొడిగినట్టు ఉంది. ఇక కారణాలు. పత్రికలో 26 ఏళ్లు వార్తలు దిద్దినవాడిని, ఆ తర్వాత అనువాదాలు చేస్తున్నవాడిని కాబట్టి ఈ క్రియలతో నాకు రోజూ పని పడింది. అంతకంటే ముందు, వరి పండించే ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి ఇవి నాకు నిఘంటువులోంచి కాక కల్లంలోంచి, వంటింట్లోంచి వచ్చాయి. అందుకే కాస్త విస్తరించి రాస్తున్నాను.

ఇంగ్లిషులో ఫిల్టర్ అనే ఒక్క మాట నీటికీ వెలుతురుకూ ఫోటోకూ దరఖాస్తుకూ సరిపోతుంది. తెలుగులో అలాంటి గంపగుత్త మాట లేదు. వడ్లు కల్లంలోంచి కంచంలోకి వచ్చేదాకా జరిగే ప్రయాణం చూడండి. కల్లంలో తూర్పారబడతాం. పెరట్లో చేటతో చెరుగుతాం. అరుగు మీద కూర్చుని రాళ్లు ఏరుతాం. వండే ముందు నీళ్లలో గాలిస్తాం. ఉడికాక గంజి వారుస్తాం. అదే బియ్యాన్ని పిండి పట్టిస్తే జల్లిస్తాం. పక్కన కాఫీ వడపోస్తాం, విరిగిన పాలను గుడ్డలో వడకడతాం, వానాకాలపు బురదనీటిని బిందెలో తేరుస్తాం. ఒక్కో క్రియలో ఒక్కో పనిముట్టు దాగి ఉంది. తూర్పారబట్టడంలో గాలి, చెరగడంలో చేట, జల్లించడంలో జల్లెడ, ఏరడంలో వేళ్లు, గాలించడంలో నీరు, వడకట్టడంలో గుడ్డ. తేర్చడంలో ఏ పనిముట్టూ లేదు, ఓపిక ఒక్కటే. మన ఆరో తరగతి సామాన్యశాస్త్రం పుస్తకాల్లో పదార్థాలను వేరుచేసే పద్ధతులకు ఈ మాటల్నే పెట్టారు: చేతితో ఏరివేయడం, తూర్పారబట్టడం, జల్లించడం, తేర్చడం, వడపోయడం. పిల్లలు ఇంట్లో చూసిన పనినే బడిలో శాస్త్రంగా చదువుకునే వీలు కలిగింది. తెలుగు మాధ్యమపు పాఠ్యపుస్తకాల్లో నాకు చాలా నచ్చిన పుటలు అవి.

ఇప్పుడు మీరు అడిగిన వడపోయు. ఇందులో మొదటి ముక్క "వడియు" అనే పాత క్రియకు చెందినది. వడియడమంటే బొట్లు బొట్లుగా కారడం, దిగడం. తమిళంలోనూ వడి అనే ధాతువు ఉంది, వడపోతకు వాళ్లు వడికట్టు అంటారు. మన వడకట్టుకు పాత రూపం వడియగట్టు, అంటే కారేలా గుడ్డ కట్టడం. వడపోయడం అంటే కారేలా పోయడం. వడపోయు, వడబోయు అని రెండు రూపాలూ ఉన్నాయి, రెండూ సరైనవే. పుస్తకాల్లో, పత్రికల్లో ఇప్పుడు మొదటిది ఎక్కువ. ఒక రచనలో ఒకే రూపాన్ని పాటిస్తే చాలు. వడపోసి, వడపోశారు, వడపోస్తారు, వడపోయాలి అని రూపాలు నడుస్తాయి. దయచేసి "వడపోయబడిన నీరు" అని మాత్రం రాయకండి. వడపోసిన నీరు అంటే ఎవరో పోశారనీ నీరు శుభ్రమైందనీ రెండూ తెలిసిపోతున్నాయి. మధ్యలో "బడు" చేసే పనేమీ లేదు.

వడపోయు, వడకట్టు ఒకటేనా అంటే దాదాపు ఒకటే, కానీ చిన్న తేడాను నేను కాపాడుకుంటాను. వడపోసేటప్పుడు మన చూపు కింద దిగినదాని మీద ఉంటుంది: కాఫీ డికాక్షన్, నెయ్యి, కషాయం. వడకట్టేటప్పుడు గుడ్డలో మిగిలినదే కావలసింది కావచ్చు. గట్టి పెరుగు కావాలంటే గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తాం, నీరు పోతుంది, మూట మిగులుతుంది. అక్కడ వడపోశాం అంటే వినే చెవికి ఎక్కడో తేడాగా ఉంటుంది. గుడ్డ ప్రధానమైనచోట కూడా వడకట్టడమే సహజం. నారికురుపు వ్యాధి మన పల్లెల్లో ఉన్న రోజుల్లో ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా చెప్పిన మాట, నీళ్లు గుడ్డతో వడకట్టుకుని తాగండి అని. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవిలో ఉంటాయి, దిగుడుబావుల నీటితో కడుపులోకి చేరతాయి. సైక్లాప్స్ గుడ్డకు చిక్కుతుంది కాబట్టి గుడ్డ ఒక్కటే చాలామందికి కాపు కాసింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఒక క్రియ ఇంటింటి అలవాటై ఒక జబ్బును తరిమింది. వడకట్టు అనే మాట రాసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మనుషుల విషయంలో వడపోయవచ్చా అన్నారు. వాడవచ్చు, దశాబ్దాలుగా వాడుతున్నాం. పోటీ పరీక్షల వార్తల్లో ప్రిలిమినరీని వడపోత పరీక్ష అంటాం. ఇది చాలా చక్కగా కుదిరిన మాట. గ్రూప్-1లో ప్రిలిమినరీ మార్కులు తుది ర్యాంకులో కలవవు. తెలంగాణలో 2024లో 563 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన వచ్చినప్పుడు మెయిన్స్‌కు ఒక్కో పోస్టుకు 50 మంది చొప్పున తీసుకునే పద్ధతి మీద పెద్ద చర్చ జరిగింది, వంద మందిని తీసుకోవాలని అభ్యర్థులు కోరారు. ఆ చర్చంతా నిజానికి గుడ్డ కన్నం ఎంత ఉండాలన్న చర్చే. జేఈఈ మెయిన్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు సుమారు 2,50,000 మందిని పంపుతారు, అడ్వాన్స్‌డ్ ర్యాంకులో మెయిన్ మార్కులు చేరవు. వడపోతకు ఉన్న స్వభావమే అది. గుడ్డ పాలకు చిక్కదనాన్ని ఇవ్వదు, తుక్కును ఆపుతుందంతే. కాబట్టి వడపోత వేరు, ఎంపిక వేరు. దిగినవన్నీ మనవే కానక్కరలేదు, దిగినవాటిలోంచి తర్వాత ఎంచుకుంటాం. "వడపోతలో ఎంపికైన అభ్యర్థులు" అని రాయడం కంటే "వడపోతలో నెగ్గిన" లేదా "వడపోత దాటిన అభ్యర్థులు" అని రాయడం మంచిది. ఎంపిక అన్న మాటను చివరి దశకు దాచుకోవాలి. ఉద్యోగం వచ్చిందనుకుని మిఠాయిలు పంచిన ఇంటికి తర్వాత నిజం తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఎన్నికల్లో నామినేషన్లకు మాత్రం వడపోత అనకండి. అక్కడ జరిగేది పరిశీలన. పత్రం సక్రమంగా ఉందా లేదా అని చూస్తారు, సంఖ్య తగ్గించాలన్న ఉద్దేశం ఉండదు. కొన్ని నామినేషన్లు తిరస్కరణకు గురైతే అది పరిశీలన ఫలితం.

పత్రికలకు వడపోత అంత ఇష్టమైన మాట ఎందుకైంది? నా ఆలోచన ఇది. -యుతో ముగిసే క్రియలకు తెలుగులో పొట్టి నామాలు తయారుగా ఉంటాయి. కోయు నుంచి కోత, మేయు నుంచి మేత, నేయు నుంచి నేత, రాయు నుంచి రాత, పోయు నుంచి పోత. శీర్షికకు అలాంటి బిగువైన నామం కావాలి. వడకట్టుకు అది లేదు, వడకట్టడం అనాలి. తూర్పారబట్టుకు లేనే లేదు. అందుకే శీర్షికల్లోకి వడపోత, ఏరివేత, గాలింపు ఎక్కాయి. మిగిలినవి వార్త లోపలే ఉండిపోయాయి.

ఇప్పుడు మీ వాక్యంలోని అసలు చిక్కుకు వస్తాను. ఈ క్రియల్లో చాలావాటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. కర్మ స్థానంలో మనం ఉంచుకునేదాన్నయినా పెట్టవచ్చు, పారేసేదాన్నయినా పెట్టవచ్చు. అన్నం వార్చింది అంటాం, గంజి వార్చింది అని కూడా అంటాం. రెండూ ఒకే పని. ఒకదాంట్లో కర్మ మిగిలేది, రెండోదాంట్లో కర్మ పోయేది. బియ్యం ఏరుతోంది అంటే రాళ్లు తీసేస్తోందని అర్థం. రాళ్లు ఏరుతోంది అన్నా అదే. కానీ పత్తి ఏరుతోంది అంటే పత్తిని ఒడిలో వేసుకుంటోంది. మామూలు మాటల్లో ఇది ఎవరినీ తికమక పెట్టదు, ఎందుకంటే రాయి పారేసేదనీ పత్తి ఉంచుకునేదనీ అందరికీ తెలుసు. దరఖాస్తుదారుల విషయంలో అలా తెలియదు. అక్కడ తెలుగు రెండు సహాయక క్రియలను తోడిస్తుంది. ఒకటి "కొను", రెండోది "వేయు". ఏరుకున్నారు అంటే తమ కోసం తీసుకున్నారు. ఏరివేశారు, ఏరిపారేశారు అంటే తీసి అవతల పడేశారు. బోగస్ రేషన్ కార్డుల ఏరివేత, అనర్హుల ఏరివేత అని వార్తల్లో చూస్తాం. అదే లెక్కన "40 మందిని ఏరివేశారు" అంటే ఆ 40 మందిని జాబితాలోంచి తొలగించారని చదువుతారు. మీరు చెప్పదలచింది సరిగ్గా దీనికి ఎదురు. "ప్రతిభావంతుల ఏరివేత" అని ఒకసారి నా బల్ల మీదికి వచ్చిన వార్తలో చూశాను. క్రీడాకారులను వెతికి పట్టే శిబిరం గురించిన వార్త అది. అచ్చయి ఉంటే ఆ పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఎంత కష్టంగా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఉంచుకునే పక్షాన ఏరు అనే మాటకు ఇంకో అందమైన జత ఉంది, ఏరి కోరి. ఏరి కోరి తెచ్చుకున్న కోడలు, ఏరి కోరి ఇచ్చిన బాధ్యత. ఏరడంలో వేళ్ల పని ఉంది, కోరడంలో మనసు పని ఉంది. నివేదికలో వాడే మాట కాదు గాని, కథ అనువదించేటప్పుడు ఎంచుకోవడం అనే మాట చప్పగా అనిపిస్తే దీన్ని గుర్తు చేసుకోండి.

వడపోయు విషయంలో ఈ రెండు దిక్కుల వాడుక ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. మూత్రపిండాలు రక్తాన్ని వడపోస్తాయి అన్నది నిక్కమైన వాక్యం. మూత్రపిండాలు వ్యర్థాలను వడపోస్తాయి అని కూడా ఆరోగ్య శీర్షికల్లో కనిపిస్తుంది. దీన్ని నేను దిద్దుతాను. వడపోసేది మొత్తం ద్రవాన్ని. వ్యర్థాలను వేరుచేస్తాయి, తొలగిస్తాయి. తాగునీటి యంత్రాల ప్రకటనల్లో "మలినాలను వడపోస్తుంది" అన్నదీ ఇలాంటిదే. నీటిని వడపోసి మలినాలను తీసేస్తుంది అంటే సరి. ఒక మాట ఎక్కువవుతుంది, కానీ ఏది గ్లాసులోకి వస్తుందో అనుమానం ఉండదు.

జల్లెడ దగ్గరికి వద్దాం. జల్లించడం, జల్లెడ పట్టడం, జల్లెడ చేయడం అనే మూడు మాటలు మూడు దారుల్లో వెళ్లాయి. పిండిని, ఇసుకను జల్లిస్తాం. తూటాలు శరీరాన్ని జల్లెడ చేస్తాయి, అంటే కన్నాలు పడతాయి. జల్లెడ పట్టడం అక్షరాలా పిండికీ ఇసుకకూ చెందినదే అయినా, వాడుకలో దాని బరువంతా వెతకడం మీదికి జరిగింది. పోలీసులు అడవిని జల్లెడ పట్టారు, ఊరంతా జల్లెడ పట్టారు. తమిళులు కూడా సల్లడై వేసి వెతకడం అంటారు, సల్లడై అంటే మన జల్లెడే. గమనించండి, ఇక్కడ కర్మగా వచ్చేది చోటు: అడవి, ఊరు, ఇల్లు, సొరుగు. ఆ చోటులో ఎక్కడో ఒకటి దాగి ఉందనీ, అది దొరికేదాకా అంగుళం వదలరనీ అర్థం. కాబట్టి "దరఖాస్తులను జల్లెడ పట్టారు" అంటే వాటిలో దొంగ ధ్రువపత్రమేదో ఉందని అనుమానించినట్టు ధ్వనిస్తుంది. నిజంగా అలాంటి సోదా జరిగితే ఆ మాటే రాయండి, అంతకంటే మంచిది దొరకదు. మామూలు నియామకాల్లో వద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. జల్లెడలో కింద రాలినది కావాలా పైన నిలిచినది కావాలా అన్నది ఏం జల్లిస్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. పిండి జల్లిస్తే రాలినదే కావాలి. బియ్యం జల్లిస్తే నూకలు రాలతాయి, పైన నిలిచిన బియ్యమే కావాలి. జల్లెడకు పక్షపాతం లేదు, కాబట్టి ఆ మాట వాడినప్పుడు ఏది మిగిలిందో విడిగా చెప్పాల్సిందే.

గాలించు గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. గాలి అన్న శబ్దం వినబడుతోంది కాబట్టి గాలికి పట్టడమనుకుంటారు. ఇంట్లో గాలించేది నీళ్లలో. బియ్యాన్నో పప్పునో గిన్నెలో నీళ్లు పోసి ఒడుపుగా తిప్పుతూ ఇంకో గిన్నెలోకి వంచుతుంటే గింజ నీటితో పాటు వెళ్తుంది, బరువైన రాయి అడుగున మిగులుతుంది. సంస్కృతంలో గాలనం అంటే వడకట్టడం. ఆయుర్వేద మందుల తయారీలో వస్త్రగాళితం అనే మాట వినే ఉంటారు, చూర్ణాన్ని సన్నని గుడ్డలోంచి రాలేలా చేయడం అది. ఈ మాటలన్నీ అర్థంలో పక్కపక్కన కూర్చునేవే. వంటింటి గాలింపు నుంచి పోలీసుల గాలింపు పుట్టింది, ఇప్పుడు రెండోదే ఎక్కువమందికి తెలుసు. నదిలో గల్లంతైనవారి కోసం గజ ఈతగాళ్లు గాలిస్తున్నారు అని చదివినప్పుడు మాత్రం ఆ క్రియ తన పాత నీటిలోకే తిరిగి వెళ్లినట్టు నాకనిపిస్తుంది. మీ దరఖాస్తుల వాక్యానికి ఇది పనికిరాదు. గాలించేది కనబడకుండా పోయినవాళ్ల కోసం.

తూర్పారబట్టడం గురించి కాస్త ఆగి చెప్పాలి. కల్లంలో నూర్చిన వడ్లను చేటలోకి ఎత్తుకుని, పీట మీద నిలబడి, తల ఎత్తున పట్టుకుని నెమ్మదిగా వదులుతారు. గాలి పొల్లునూ తాలునూ దూరంగా మోసుకుపోతుంది, గట్టి గింజ నిలువుగా రాలి కుప్పవుతుంది. గాలి పడిపోతే చేట దించి ఎదురుచూడాల్సిందే. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి అన్న సామెత అలా వచ్చింది. ఇందులోని తూర్పును దిక్కు అనుకోకండి. కన్నడంలో తూరు అన్నా, తమిళంలో తూట్రు అన్నా వడ్లను గాలికి ఎగరబోయడమే. మన తూర్పెత్తులో ఉన్నదీ ఆ తూర్పే. వృత్తుల్లో వాడే ఇలాంటి మాటలు పోగొట్టుకోకూడదనే భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయం మీద తెచ్చింది. అనువాదకులెవరికైనా నేను మొదట చూపించే పుస్తకం అది.

అయితే ఇప్పుడు తూర్పారబట్టడమంటే పత్రిక చదివేవాళ్లకు తెలిసింది ఒక్కటే: తీవ్రంగా విమర్శించడం. ప్రభుత్వ తీరును తూర్పారబట్టిన ప్రతిపక్షం, అధికారులను తూర్పారబట్టిన న్యాయస్థానం. ఇది ఒక్క మాటకు పట్టిన గతి కాదు. తెలుగులో శుభ్రం చేసే పనులు చాలావరకు తిట్టే పనులయ్యాయి. చెరగడం చెరిగిపారేయడమైంది. బట్టలు ఉతకడం ఉతికి ఆరేయడమైంది. దుమ్ము దులపడం దులిపేయడమైంది. గిన్నెలు కడగడం కడిగిపారేయడమైంది. దూది ఏకడం ఏకిపారేయడమైంది. తమిళంలోనూ తూట్రు అంటే నింద వేయడమనే అర్థం ఉంది, కాబట్టి ఈ దారి మన ఒక్కరిదే కాదు. చేట ఎగిరే ఊపు, గింజలు చెల్లాచెదురుగా లేచే తీరు కోపాన్ని గుర్తు చేసి ఉంటాయి. నిప్పులు చెరగడంలో అదే ఊపు, నిప్పురవ్వలు చేటలో గింజల్లా ఎగరడం. మే నెలలో సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడని ఏటా రాస్తాం. చెరగని ముద్ర, చెరిగిపోయిన గీత అన్నప్పటి క్రియ మాత్రం వేరు, అది మాసిపోవడం. రెండింటినీ కలపకండి.

నాకు ఇందులో ఒక బాధ ఉంది, దాచుకోకుండా చెబుతాను. విమర్శ అనే అర్థం మిగతా అర్థాన్ని మింగేస్తోంది. తూర్పారబట్టడంలో అసలు సంగతి గింజను కాపాడుకోవడం. పొల్లు పోవాలి, గింజ నిలవాలి. విమర్శ అయినా అలా ఉంటేనే ఆ మాటకు తగినది. పత్రికలో ఉన్నన్నాళ్లూ, ఒక వ్యక్తిని వట్టిగా దూషించిన వార్తలో తూర్పారబట్టారు అని కనిపిస్తే దాన్ని "దుమ్మెత్తి పోశారు" అని మార్చేవాణ్ణి. లెక్కలు, ఆధారాలు పెట్టి తప్పొప్పులు విడదీసిన ప్రసంగానికే తూర్పారబట్టడం ఉంచేవాణ్ణి. మీ అనువాదాల్లో వడ్ల గురించి వచ్చినచోట వెనకాడకుండా ఆ మాటను దాని అసలు అర్థంలో వాడండి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో ఇప్పటికీ తాలు లేకుండా తూర్పారబట్టి, తేమ 17 శాతం దాటకుండా ఆరబెట్టి తెమ్మనే అంటారు. రైతుకు ఆ మాట ఇంకా బతికే ఉంది.

తిట్టు జోలికి పోనివి ద్రవాల క్రియలే. వడపోయడం, వడకట్టడం, తేర్చడం ఎవరినీ నొప్పించవు. పైగా గౌరవాన్ని తెస్తాయి. శాస్త్రాలన్నీ కాచి వడపోసినవాడు అంటే పూర్తిగా పట్టు సాధించినవాడని. కషాయం కాచినా నెయ్యి కాచినా, మరిగించి మరిగించి సారాన్ని దింపి, ఆ సారాన్ని వడపోసుకుంటాం. చదువును కూడా అలా చేశాడని. ఇక్కడ అనువాదకులు జాగ్రత్తగా ఉండాలి. "ఆమె రాజ్యాంగాన్ని కాచి వడపోశారు" అన్న వాక్యానికీ జాబితాకూ ఎంపికకూ ఏ సంబంధమూ లేదు. ముందు "కాచి" ఉంటే ఆ వడపోత పాండిత్యం. తేర్చడంలోంచి ఇంకా మెత్తని మాటలు వచ్చాయి. బిందె లోపల చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు పోసి ఉంచితే కాసేపటికి మట్టి అడుగుకు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. నీరు తేరుకుంది అంటాం. దుఃఖంలోంచి మనిషి తేరుకున్నాడు అన్నా అదే మాట. తేటతెల్లం, తేట తెలుగు అన్నప్పటి తేట కూడా ఇదే.

చివరగా "కుదించారు" సంగతి. జాబితా కుదించడం తప్పేమీ కాదు. కానీ "40 మందికి కుదించారు" అనగానే ఇంగ్లిషు వాక్యపు ఎముకలు కనబడతాయి. ఇలాంటిచోట తెలుగు రెండు అడుగులు వేస్తుంది. చేసే పనిని ఒక క్రియతో చెప్పి, ఫలితాన్ని దానంతట అదే జరిగినట్టు చెబుతుంది: మిగిలారు, తేలారు, నిలిచారు. అనుమానితుల సంఖ్యను నలుగురికి కుదించారు అనే బదులు, అనుమానం చివరికి నలుగురి మీద నిలిచింది అనండి. మూడు పేర్లకు తగ్గించారు అనే బదులు, చర్చలన్నీ అయ్యాక మూడు పేర్లు మిగిలాయి అనండి. వాక్యం వెంటనే ఊపిరి పీల్చుకుంటుంది. తేలడం అన్న మాట చూడండి, అందులోనూ నీరే ఉంది. బరువైనది మునిగి, విషయం పైకి వస్తుంది. దర్యాప్తులో తేలింది, లెక్కల్లో తేలింది. ఎవరు తేల్చారో చెప్పాల్సినప్పుడే తేల్చు వాడతాం, నిగ్గు తేల్చమని కోరతాం.

కంప్యూటర్ పట్టికల్లో ఉండే ఫిల్టర్‌కు కూడా వడపోత పెట్టాలా అని చివర్లో అడిగారు. మీటకు పేరుగా వడపోత బాగుంటుంది, ఫిల్టర్ అన్నా అందరికీ తెలుసు. వివరణ రాసేటప్పుడు మాత్రం, అక్కడ ఏ వరుసా పోవడం లేదని, కొన్ని కనబడకుండా ఉంటాయంతేనని గుర్తుంచుకోండి. "హైదరాబాద్ దరఖాస్తులను వడపోయండి" అనే కంటే "హైదరాబాద్ దరఖాస్తులు మాత్రమే కనిపించేలా చేయండి" అంటే వాడేవాళ్లు పొరబడరు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "వచ్చిన దరఖాస్తులను వడపోయగా 40 మంది మిగిలారు. వారిని ఇంటర్వ్యూకు పిలిచారు." నివేదికలో ఆ 40 మంది ఇప్పటికే ఉద్యోగానికి ఖరారై ఉంటే: "వచ్చిన దరఖాస్తులను వడపోసి, 40 మందిని ఎంపిక చేశారు." మూల పాఠంలో ఈ రెండింటిలో ఏ సంగతి ఉందో మీ ప్రశ్నలో లేదు. అది చూసుకుని ఒకదాన్ని తీసుకోండి.